నాచు చేపిన చెరువు

గుల్లలమొగలో రొయ్యలు పెంచే నూకరాజుకి నాచు గురించి తెలియాల్సినంతా తెలుసు. చెరువు నీళ్లు లేతాకుపచ్చగా ఉంటే రొయ్య సుఖంగా ఉన్నట్టు. అదే రంగు ముదిరిందంటే రైతుకి కంటిమీద కునుకు లేనట్టు. ఇంతకు మించి నాచులో ఏదో ఉందని నలభై ఆరేళ్లలో అతనికి ఎప్పుడూ తోచలేదు. తోచాల్సిన పనీ లేదు. కాని రాష్ట్రంలో పెద్దవాళ్లకి తోచింది.

పెద్దవాళ్లకి ఒకటి తోచాక ఆగుతారా! ఎక్కడో పరాయి దేశంలో ఎవరో గాజుసీసాలో బతికున్న నాచుని పెట్టి, దాన్నుంచి చిటికెడు కరెంటు తీసి, ఒక బుల్లి గడియారాన్ని నడిపించారట. నడిపించే ఉంటారు, ఓపికున్న మనుషులు. ఆ వార్త చదివిన నెల తిరక్కుండా ఇక్కడ 'రాష్ట్ర సజీవ విద్యుత్ మండలి' పుట్టింది. దానికో భవనం, భవనానికో లిఫ్టు, లిఫ్టు దిగగానే అమృతేశ్వరరావు గారనే సంచాలకులు. ప్రతి మండలంలోనూ ఒక సజీవ విద్యుత్ కేంద్రం ఉండి తీరాలని మండలి తొలి ఉత్తర్వు. అక్కడ నాచుందా, ఉంటే అది కరెంటు ఇస్తుందా అన్న చిల్లర సంగతులు ఉత్తర్వులో లేవు.

నూకరాజుకి ఇవేవీ పట్టలేదు. అతని బాధ అతనిది. రెండెకరాల చెరువు కౌలుకి తీసుకుని రొయ్యలేస్తే మొదటి రెండు పంటలూ తెల్లమచ్చ రోగానికి తుడిచిపెట్టుకుపోయాయి. ఇది మూడో పంట. భార్య పల్లాలమ్మ ఆరేళ్లు మస్కట్‌లో ఎవరింట్లోనో వంట చేసి కిందటేడే ఇంటికొచ్చింది. వచ్చిన రోజే ఒట్టేసుకున్నట్టు చెప్పేసింది.

"ఈ పంట చేతికొచ్చిందా, ఇక్కడే ఉంటాను. ఇది కూడా పోయిందా, మళ్లీ విమానమెక్కుతాను. నన్ను ఏడిపించకు, నువ్వూ ఏడవకు."

ఆవిడ పాస్‌పోర్టు బియ్యం డబ్బాలో ఉంటుంది. బియ్యం తీసిన ప్రతిసారీ దాని మూల నూకరాజు చేతికి తగులుతుంది. తగిలినప్పుడల్లా ఒకసారి గట్టు మీదికెళ్లి రొయ్యల్ని చూసుకుని వస్తాడు. డెబ్బై రోజులైంది, రొయ్య బాగా ఎదుగుతోంది. ఆ ఎదగడమంతా ఏరియేటర్ల పుణ్యం. నీళ్లని చిలికి గాలి పోసే ఆ మూడు చక్రాలూ ఒక్క పూట ఆగితే రొయ్యకి ఊపిరాడదు.

ఆ ఏరియేటర్ల వైరుని నీళ్లలోకి దిగేచోట ఎండ్రకాయో పందికొక్కో కొరికేసింది. లైన్‌మన్ సింహాద్రి, పల్లాలమ్మకి స్వయానా తమ్ముడు, తన పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి జాయింటేశాడు. "సర్కారు టేపు కంటే ఇదే నయం బావా" అన్నాడు. నయమే గాని కొంచెం లీకయ్యేది. ఏరియేటర్లు తిరుగుతుండగా నీళ్లలో కాలు పెడితే జిమజిమలాడేది. అందుకే దిగేముందు నూకరాజు స్విచ్చి ఆపేవాడు.

*

అమృతేశ్వరరావు గారు గుల్లలమొగ వచ్చింది ఒక బుధవారం పొద్దున్న. తెల్ల టోపీ, నల్ల కళ్లద్దాలు, చేతిలో ముల్లున్న నల్లపెట్టె, పెట్టెకి తీగలు, తీగల చివర రెండు రాగి కడ్డీలు. పదకొండు చెరువుల్లో కడ్డీలు ముంచారు. పదకొండింట్లోనూ ముల్లు పడుకున్నది పడుకున్నట్టే ఉంది. ఆయన మొహం వాడిపోయింది. పన్నెండోది నూకరాజు చెరువు.

"ఆగండి సార్, స్విచ్చి ఆపేత్తాను" అని నూకరాజు పరుగెత్తబోయాడు.

"వద్దు వద్దు, తిరగనివ్వండి. ఆ నురగ ఫొటోలో శోభగా ఉంటుంది."

కడ్డీలు నీళ్లను తాకాయో లేదో ముల్లు ఎగిరి ఆ చివర కొట్టుకుంది. ఆయన పెట్టెని అరచేత్తో రెండు తట్లు తట్టారు. ముల్లు దిగలేదు. కళ్లద్దాలు తీశారు, పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎవరూ అనుకోని పని చేశారు. గట్టు మీద గొంతుకూచుని, చొక్కా చెయ్యి మడిచి, మణికట్టు దాకా నీళ్లలో పెట్టారు.

జిమజిమ.

ఆయన కళ్లు అరమోడ్పులయ్యాయి. "స్పందిస్తోంది" అన్నారు. "ఇది యాంత్రిక విద్యుత్తు కాదు, ప్రాణవిద్యుత్తు. ఈ నాచు నాతో కరచాలనం చేస్తోంది!"

నూకరాజు నోరు తెరిచాడు. పక్కనే ఉన్న సింహాద్రి అతని కాలు గట్టిగా తొక్కాడు.

"నోరెత్తకు బావా" అన్నాడు చెవిలో. "ఆ జాయింటు నేనేసిందని తెలిసిందంటే నా ఉద్యోగం గోవిందా."

"ఆయన చెయ్యి పెట్టేశాడ్రా బాబూ!"

"సచ్చేంత లేదులే. జిమజిమే కదా."

అమృతేశ్వరరావు గారు ఎడమ చెయ్యి కూడా పెట్టి చూసుకున్నారు. అంతకంటే ఆనందించారు. ముల్లు చూపించిన అంకెని రెండెకరాలతో గుణించారు, దాన్ని మళ్లీ నీళ్ల లోతుతో గుణించారు. వచ్చిన మొత్తంతో గుల్లలమొగ ఊరంతా వెలిగించొచ్చని అక్కడే, రేగడి మట్టిలో నిలబడి ప్రకటించారు. నూకరాజుకి శాలువా కప్పారు. ఎండ మండిపోతోంది, శాలువా ఉన్నిది.

*

మర్నాటికి గట్టు మీద బోర్డు లేచింది. 'సజీవ విద్యుత్ కేంద్రం నం. 1. లోనికి ప్రవేశము నిషిద్ధము.' తన చెరువులోకి తను దిగాలంటే నూకరాజు పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ పుస్తకం దగ్గరుండే మనిషిని ఇంకా నియమించలేదు కాబట్టి పుస్తకమూ తనే, సంతకమూ తనే. అతనికి 'కేంద్ర సంరక్షకులు' అని హోదా ఇచ్చారు. సున్నం చల్లకూడదు, నీళ్లు మార్చకూడదు, నాచు మనసు కష్టపెట్టే మందులేవీ వాడకూడదు. రోజూ పొద్దున్నే ఒక రంగుల అట్టముక్క నీళ్ల పక్కన పెట్టి, నాచు ఏ ఆకుపచ్చలో ఉందో రాయాలి.

వారం తిరిగేసరికి రెండో కాగితం వచ్చింది. పల్లాలమ్మ పైకి చదివింది. మస్కట్‌లో ఆరేళ్లు ఏజెంట్ల కాగితాలు చదివి చదివి ఆవిడకి ఎంత మెలికల రాతైనా అలవాటైపోయింది.

"సదరు కేంద్రమునందు రొయ్యలు అను జీవులు ఎట్టి అనుమతియు లేకుండ నివసించుచు, విద్యుదుత్పత్తికి మూలాధారమైన నాచును భక్షించుచున్నట్లు మండలి దృష్టికి వచ్చినది. ఇది ఇంధన చౌర్యము క్రిందకు వచ్చును. సదరు అనధికార నివాసితుల సంఖ్యను, పేర్లను తెలియజేయవలసినది."

"పేర్లా?" అన్నాడు నూకరాజు.

"పేర్లే. రాసిచ్చెయ్, రెండు లక్షల పేర్లు" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. అతనికి నవ్వు రాలేదు.

*

నవ్వు రాకపోవడమే మంచిదైంది. ఎందుకంటే ఆ సోమవారం ఏరియేటర్లు ఆగిపోయాయి. ఫ్యూజు పోయిందేమో అని చూస్తే ఫ్యూజుకి బదులు అక్కడ సీలు వేసి ఉంది. వేసింది సింహాద్రే. తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏఈ గారి ఆర్డరు బావా. నన్నేం చెయ్యమంటావు?"

నూకరాజు మోటారు సైకిలెక్కి మండలంలోని కరెంటాఫీసులో ఊడిపడ్డాడు. ఏఈ గారు ఫైలులోంచి తలెత్తి ఎంతో మర్యాదగా కుర్చీ చూపించారు. అంతకుముందు అదే ఆఫీసులో అతను గంటల తరబడి నిలబడ్డాడు.

"రండి, రండి. మీరిప్పుడు వినియోగదారులు కారు, ఉత్పత్తిదారులు. మా దృష్టిలో మీరూ, పెద్ద పెద్ద జలవిద్యుత్ కేంద్రాలూ ఒకటే."

"మరి కరెంటెందుకు తీసేశారండీ?"

"అదే చెప్తున్నా. విద్యుత్తును ఉత్పత్తి చేయు సంస్థకు విద్యుత్తు సరఫరా చేయుట నిబంధనలకు విరుద్ధము. మీ రొయ్యల చెరువు కనెక్షను రద్దై, ఉత్పత్తి కేంద్రంగా నమోదైంది."

"ఏరియేటర్లు తిరగాలి కదండీ! పొద్దెక్కేసరికి రొయ్య పైకి తేలిపోద్ది!"

"తిప్పుకోండి. ఎవరు కాదన్నారు? మీ చెరువు ఊరంతటికీ సరిపడా ఇస్తోందని రిపోర్టులో ఉంది. మూడు చక్రాలకి ఇవ్వదా?"

"ఇవ్వదండీ బాబూ, నాచు కరెంటెలా ఇత్తదండీ!"

ఏఈ గారి మొహంలో మర్యాద ఒక్కసారిగా ఇంకిపోయింది. "చూడండి నూకరాజు గారూ, ఆ మాట లిఖితపూర్వకంగా మాత్రం ఇవ్వకండి. సంచాలకుల వారు స్వహస్తంతో పరీక్షించిన నాచు అది."

ఇంటికొచ్చేసరికి రొయ్యలు నీళ్ల పైకి వచ్చి మూతులు ఆడిస్తున్నాయి. పల్లాలమ్మ చీర మోకాళ్ల పైకి దోపుకుని, చెరువులో దిగి, తెడ్డుతో నీళ్లు బాదుతోంది. పుస్తకంలో సంతకం పెట్టకుండానే దిగింది. సింహాద్రి ఎవరి దగ్గరో పాత డీజిలింజను పట్టుకొచ్చాడు. అది దగ్గుతూ, పొగ కక్కుతూ, మూడు చక్రాల్లో ఒక్కదాన్ని తిప్పింది. ఎలాగోలా చావు తప్పింది. గట్టు మీద కూలబడి పల్లాలమ్మ చేతుల బొబ్బలు చూసుకుంటూ ఒక్క మాటే అంది.

"మస్కట్ ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు."

*

కరెంటు పోయిందంటే లీకు పోయినట్టే. లీకు పోతే, బోర్డు కింద బిగించి వెళ్లిన నల్లపెట్టె ముల్లు మళ్లీ పడుకుంది. నాలుగో రోజు సంజాయిషీ నోటీసు. 'సదరు నాచు ఏ కారణముచేత గత నాలుగు దినములుగా విధులకు గైర్హాజరైనదో, అందుకు బాధ్యులైన సంరక్షకులపై చర్య ఎందుకు తీసుకొనరాదో స్వయముగా హాజరై వివరించవలసినది.'

నూకరాజు రాజధానికి బస్సెక్కాడు. ఏమైతే అదయింది, నిజం చెప్పేద్దామనే వెళ్లాడు. సింహాద్రి ఉద్యోగం పోతే పోతుంది, మెల్లగా ఇంకోటి చూసుకోవచ్చు. రొయ్య పోతే మళ్లీ రాదు. దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. లిఫ్టు దిగాడు, దణ్ణం పెట్టాడు, చెప్పేశాడు.

"అయ్యా, ఆ రోజు మీ చేతికి తగిలిన కరెంటు నాచుది కాదండి. అది మీ కరెంటేనండి."

అమృతేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశారు. "ఎంత గొప్ప మాటన్నారు! నాది, మీది అని కాదు నూకరాజు గారూ, అది ప్రజలందరిదీ. మీబోటి సామాన్యుల నోట ఈ మాట వింటుంటే ఒళ్లు పులకరిస్తోంది." ఆ మాటని పక్కనున్నవాళ్ల చేత రాయించారు కూడా.

ఇంకేం చెబుతాడు! నూకరాజుకి ఏడుపొచ్చినంత పనైంది. చక్రం తిరగాలి, అంతే. రొయ్యల్లోకి రాకముందు అతని ఇంట్లో రెండు పాడి గేదెలుండేవి. ఆ కంగారులో నోటికి అవే వచ్చాయి.

"అయ్యా, దూడని చూపించకపోతే గేదె చేపుద్దాండీ? పాలు పొదుగులోనే ఉంటాయి, కాని కిందికి దిగవు. నాచు కూడా అంతేనండి. ముందు కాస్త కరెంటు చూపించాలండి. అప్పుడు చేపుద్దండి."

అమృతేశ్వరరావు గారు కిటికీ దాకా నడిచారు, వెనక్కి నడిచారు.

"చేపు!" అన్నారు మెల్లగా. "ప్రపంచ శాస్త్రవేత్తలంతా చేసిన పొరపాటు ఇదే. పిండుతున్నారు గాని చేపించడం లేదు!"

సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. కేంద్రం నం. 1కి ఇరవై నాలుగు గంటలూ 'ప్రేరణ విద్యుత్తు' సరఫరా చేయవలెను. మీటరు అక్కర్లేదు, ఎందుకంటే ప్రేరణని కొలవడం శాస్త్రసమ్మతం కాదు. నూకరాజు కంటే ముందే ఫోన్లో ఆర్డరు ఊరు చేరింది. సింహాద్రి సీలు తీశాడు, చక్రాలు తిరిగాయి, ముల్లు లేచింది. కరెంటాఫీసు అంచనా ప్రకారం వంద యూనిట్లు లోపలికి పంపితే పన్నెండు బయటికి వస్తున్నాయని నల్లపెట్టె చూపించింది.

"మరి మిగతా ఎనభై ఎనిమిదీ సార్?" అని ఏఈ గారు భయం భయంగా అడిగారట.

"వంద అన్నది ప్రేరణ. ప్రేరణ వేరు, ఉత్పత్తి వేరు. మనకి వచ్చినవి పన్నెండు" అన్నారట సంచాలకులు.

*

అయితే ఆ ప్రేరణ ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. గుల్లలమొగకున్నది ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. ఎలాగూ నాచుతో ఊరు స్వయంసమృద్ధి సాధించిందని ప్రకటించేశారు గనుక, స్వయంసమృద్ధి గల గ్రామానికి బయటి కరెంటు ఇవ్వడం దాన్ని అవమానించడమే అన్నారు. ఊరి లైను తీసి మొత్తం చెరువుకి తిప్పారు. ఇళ్లల్లో ఫ్యాన్లు ఆగాయి. బళ్లో పిల్లలు చెమటలు కక్కుతూ, నాచు వల్ల లాభాలు అనే కొత్త పాఠం చదువుకున్నారు. మంచినీళ్ల పంపు ఆగిపోయింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కాలవకి రెండు కిలోమీటర్లు నడవాల్సి వచ్చింది.

ఏరియేటర్లు మాత్రం పెళ్లివారి మేళంలా మోగుతూనే ఉన్నాయి.

"ఏమండోయ్ సంరక్షకులుగారూ! మీ నాచుగారికి కాస్త చేపొస్తే మాకూ ఓ గ్లాసుడు పొయ్యమనండి!" అని దారిన పోయేవాళ్లు దెప్పేవాళ్లు. నూకరాజు తల తువ్వాల్లో దాచుకునేవాడు. పల్లాలమ్మ కూడా ఆ బిందెల వరసలోనే నడిచేది. ఎవరూ ఆవిడతో మాట్లాడేవాళ్లు కాదు. మస్కట్‌లో కూడా ఇంత ఒంటరిగా లేను అనుకుందావిడ.

పంట తొంభై ఎనిమిదో రోజున ఊరవతల చెరువులో తెల్లమచ్చ కనిపించింది. కొంగ ముక్కున కరుచుకొచ్చి ఒక్క రొయ్యని జారవిడిచినా చాలు, ఈ చెరువుకి అంటుకుపోతుంది. వెంటనే పట్టుబడి చేసి, ఉన్న రొయ్యనంతా అమ్మెయ్యాలి. పట్టుబడంటే నీళ్లు తోడాలి. నూకరాజు అనుమతి అడిగాడు. రెండు గంటల్లో జవాబొచ్చింది. ఇంత త్వరగా మండలి దేనికీ జవాబివ్వలేదు. 'నడుచుచున్న విద్యుత్ కేంద్రమును ఖాళీ చేయుట విధ్వంసచర్యగా పరిగణింపబడును.'

నూకరాజు బియ్యం డబ్బా పక్కన చతికిలబడి తలపట్టుకున్నాడు. పల్లాలమ్మ డబ్బా జరిపి, కింద మడిచి పెట్టిన పాత కాగితం తీసింది.

"రొయ్యల్ని దొంగలన్నారు కదా?"

"అన్నారు."

"అనధికార నివాసితులన్నారు కదా?"

"అంటే?"

"అంటే ఏటి నీ మొహం! పట్టుబడికి అనుమతి అడుగుతావేటి? ఆక్రమణదారుల్ని బయటికి గెంటమని అర్జీ పెట్టు. సర్కారోళ్లకి అదంటే ఎక్కడలేని హుషారు."

ఎంత నిజం! అర్జీ చేరిన పూటే మండలి కదిలింది. కాకపోతే పద్ధతి ప్రకారం ఆక్రమణదారులకి ముందుగా నోటీసివ్వాలి, మూడు రోజులు గడువివ్వాలి. రొయ్యలకి అందేలా నోటీసు ఏరియేటరు స్తంభానికి అంటించారు. నీళ్లలో తడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా వేశారు. ఆ మూడు రోజులూ నూకరాజు, పల్లాలమ్మ వంతులేసుకుని డబ్బాలు వాయిస్తూ కొంగల్ని తోలారు. మూడో రోజు సాయంత్రం అమృతేశ్వరరావు గారు స్వయంగా వచ్చి నీళ్లలోకి తొంగిచూశారు.

"అభ్యంతరాలేమైనా వచ్చాయా?"

"ఒక్కటీ రాలేదండి" అన్నాడు నూకరాజు.

"అయితే తొలగించవచ్చు. నీళ్లు తోడకుండా, వలతో, నాచుకి ఇబ్బంది లేకుండా. కాని మానవీయ కోణం కూడా చూడాలి. నిర్వాసితులకి పునరావాసం ఎక్కడ కల్పిస్తున్నారు?"

నూకరాజు భార్య వైపు చూశాడు. పల్లాలమ్మ తడుముకోలేదు. రొయ్యలు కొనేవాళ్ల ఐసు లారీ వైపు చెయ్యి చూపించింది. "అదిగోనండి. లోపల ఏసీ కూడా ఉందండి."

సంచాలకులు లారీ తలుపు తీయించి చల్లదనం చూశారు, తృప్తిపడ్డారు. వల పడింది. కిలోకి ముప్పై తూగే రొయ్య, చేతికి నిండుగా, మీసాలు తిప్పుతూ బుట్టల్లోకి ఎక్కింది. 'నిర్వాసితులందరూ చల్లని, పరిశుభ్రమైన వాతావరణమునకు సురక్షితముగా తరలింపబడిరి' అని సంచాలకులు సంతకం చేశారు. లారీ మలుపు తిరిగేదాకా పల్లాలమ్మ అలాగే నిలబడింది. తర్వాత ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. నూకరాజు కూడా ఏడ్చాడు. ఏడవొద్దన్న మాట ఇద్దరికీ గుర్తులేదు.

*

చెరువులో ఇప్పుడు రొయ్య లేదు. అయినా చక్రాలు ఆపడానికి వీల్లేదు, నాచు చేపాలి కదా! మర్నాడు పల్లాలమ్మ ఖాళీ బిందె తెచ్చి తమ్ముడి ముందు టక్కున పెట్టింది.

"ఇరవై నాలుగ్గంటల కరెంటు ఒట్టి నీళ్లకి పోతంది. మనుషులు కాలవకి పోతన్నారు. నీకు సిగ్గుందేటిరా?"

సింహాద్రికి సిగ్గుంది, నిచ్చెన కూడా ఉంది. చెరువు లైనులోంచి ఒక తీగ పంపుకి లాగాడు, ఒకటి బడికి, ఆ తర్వాత ఇంటింటికీ. మూడు రోజుల్లో ఊరంతా వెలిగింది. గుల్లలమొగ పూర్తిగా నాచు కరెంటు మీదే నడుస్తోందని మండలి చాటింపు వేసింది. పల్లాలమ్మని జనం మళ్లీ వదినా అని పిలవడం మొదలెట్టారు. ఏజెంటు ఫోన్ చేస్తే, ఆ నంబరు వాళ్లు ఊళ్లో లేరని తనే చెప్పి పెట్టేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. ఒక మధ్యాహ్నం మోటారు సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. వెనక ఇరవై లీటర్ల ఖాళీ క్యాను కట్టి ఉంది, మెడలో ఉన్ని శాలువా ఉంది. ఆ శాలువా చూడగానే నూకరాజుకి అర్థమైపోయింది.

"నా పేరు తాతబ్బాయండి. పక్క మండలం, ఉప్పుతిప్ప. మా మండలానికి నా చెరువుని ఎంచారండి. మా దగ్గర ముల్లు అస్సలు లేవలేదండి, అయినా మండలానికోటి ఉండాలి కదాని బోర్డెట్టేశారు. కనెక్షను తీసేశారు. డెబ్బై రోజుల రొయ్యండి, తెల్లారేసరికి తెల్లగా తేలిపోయిందండి. గట్టు పొడుగునా."

పల్లాలమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు.

"మా ఇంటిది మొన్న మస్కట్ ఎల్లిపోయిందండి. నాలుగేళ్ల పిల్లుంది, అమ్మేది అని అడుగుతుందండి. తప్పంతా నాదేనండి. నా నాచు మంచిది కాదు. మంచి చెరువు నీళ్లు తెచ్చి పోసుకుంటే రంగు తిరుగుద్ది కదండీ, అలాగే మీ నాచు ఓ క్యానుడు ఇచ్చారంటే, వచ్చే పంటకన్నా చేపుద్దేమో. రెండేళ్లలో దాన్ని రప్పించుకుంటానండి."

తప్పంతా తనదేనట! నూకరాజు పల్లాలమ్మ వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోకుండా తమ్ముణ్ణి చూస్తోంది. సింహాద్రి గోడకి ఆనించి ఉన్న తన సైకిల్ దగ్గరికెళ్లి, వెనక చక్రం ట్యూబు లాగి, కత్తితో ముక్కలు కోశాడు.

"మా దగ్గర నాచూ లేదు, గీచూ లేదండి తాతబ్బాయిగారూ" అన్నాడు నూకరాజు. గట్టు మీదికి తీసుకెళ్లి, జాయింటు పైకెత్తి, ముల్లు ఎలా లేచిందో, ఎందుకు లేచిందో, గేదె మాట ఎలా పుట్టిందో మొదటి నుంచీ చెప్పాడు. అతను విన్నాడు. మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబోయింది.

"అంటే మా ఇంటిది ఎల్లింది... దీనికాండీ?"

సింహాద్రి కోసిన ట్యూబు ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టాడు. తాతబ్బాయి దాన్ని జేబులో పెట్టుకున్నాడు. క్యాను కూడా నింపుకున్నాడు, అడిగినవాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నూకరాజు రోడ్డు దాకా సాగనంపాడు.

"కరెంటు లేందే జాయింటు పనిచెయ్యదు, ముందు దూడ సంగతి చెప్పి లైను తిరిగి వేయించుకోండి" అన్నాడు. "వాళ్లకి ఆ మాటైతేనే అర్థమవుద్ది."

తాతబ్బాయి ఇంకొకరికి చెప్పాడు, ఆ ఇంకొకరు మరొకరికి. ఆర్నెల్లు గడిచేసరికి జిల్లాలోని సజీవ విద్యుత్ కేంద్రాలన్నీ ఒకదాన్ని మించి ఒకటి చేపడం మొదలెట్టాయి. మండలి భవనం పైన ఇంకో అంతస్తు లేచింది. కాకపోతే వార్షిక నివేదిక చివర సంచాలకులు ఒక చిన్న విషయాన్ని ఆందోళనతో ప్రస్తావించారు. జిల్లా అంతటా సైకిల్ ట్యూబులు దొరకడం లేదట. నాచు విస్తరణకీ, జనం సైకిళ్ల మీద పెంచుకున్న అభిమానానికీ సంబంధం ఏమిటో తేల్చడానికి ఒక ఉపసంఘాన్ని నియమించారు.